గుట్టుగా బతికే హక్కు

2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి ఫోన్లు అడిగారు. గంజాయి మీద దాడులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. కుర్రాడి చేతిలోని ఫోన్ తీసుకుని, వాట్సాప్ తెరిచి, వెతికే చోట గంజాయి అన్న మాట కొట్టి, ఏమైనా దొరుకుతుందేమోనని చూశారు. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఎవరినీ బలవంతపెట్టలేదు, జనమే సహకరిస్తున్నారు అని అధికారులు వివరణ ఇచ్చారు. రోడ్డు పక్కన ఆపిన ఖాకీ చొక్కా చెయ్యి చాచినప్పుడు ఆ చేతిలో పెట్టిన ఫోన్‌ను సహకారం అనడం న్యాయం కాదు. కాదంటే ఏమవుతుందో తెలియని భయంతోనే ఎవరైనా ఇస్తారు.

ఇలాంటి సందర్భంలో ఎప్పుడూ వినిపించే ప్రశ్న ఒకటుంది: తప్పు చేయనివాడికి భయమెందుకు? అడిగేవాళ్లలో చెడ్డ ఉద్దేశం ఉండదు. గొలుసు దొంగలు, గంజాయి ముఠాలు పట్టుబడాలనే అడుగుతారు. కానీ ఆ ఫోన్‌లో నిజంగా ఉండేవేమిటి? నెలాఖరుకు ఐదువేలు సర్దమని బావమరిదికి పెట్టిన మెసేజి. చెల్లెలి సంబంధం ఎందుకు తప్పిపోయిందో అమ్మ చెప్పిన వాయిస్. సంతానం కోసం తిరుగుతున్న ఆసుపత్రి రిపోర్టు ఫొటో. ఇందులో ఒక్కటీ నేరం కాదు. ఒక్కటీ పరాయివాడు చూడదగ్గదీ కాదు.

దీనికి తెలుగులో మంచి మాట ఉంది: గుట్టు. గోప్యత అనేది పత్రికల మాట, కోర్టుల మాట. గుట్టు ఇంట్లో మాట. ‘గుట్టుగా సంసారం నెట్టుకొస్తోంది’ అని ఒక ఇల్లాలి గురించి అంటే, ఆమె ఏదో దాచి మోసం చేస్తోందని కాదు. ఇంట్లో ఉన్నా లేకపోయినా నలుగురిలో తలెత్తుకుని తిరుగుతోందని. అది మెచ్చుకోలు. గుట్టు చెదిరితే చిన్నబోయేది డబ్బున్నవాళ్లకన్నా లేనివాళ్లే. అందుకే వ్యక్తిగత గోప్యత పైతరగతి సోకు అనీ, పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన అనీ అనేవాళ్లు ఈ మాట ఎక్కడ పుట్టిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. 2015లో ఆధార్ కేసు విచారణలో కేంద్రం తరఫున అటార్నీ జనరల్, గోప్యత ప్రాథమిక హక్కు కానేకాదని సుప్రీంకోర్టులో వాదించారు. ఆ వాదనకు ఆధారంగా చూపినవాటిలో ఒకటి 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పు. ఆ తీర్పులోనే, దాన్ని ఒప్పుకోని ఒక తెలుగు న్యాయమూర్తి గొంతు ఉంది.

ఖరక్ సింగ్ ఉత్తరప్రదేశ్ వాసి. 1941లో ఒక దోపిడీ కేసులో అరెస్టయ్యాడు, సాక్ష్యం లేక విడుదలయ్యాడు. కేసు పోయింది గానీ పోలీసుల దస్త్రం పోలేదు. ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా, ఎక్కడికి పోయినా ఆరా, అర్ధరాత్రి తలుపు తట్టి లేపి ఇంట్లో ఉన్నాడో లేడో చూడటం. మన దగ్గర రౌడీషీటు అంటే ఏమిటో తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. స్టేషన్‌లో ఒక కాగితం తెరుచుకుంటే అది మూసుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో మెజారిటీ రాత్రిపూట ఇంటికొచ్చి లేపడాన్ని మాత్రమే కొట్టేసింది. మిగతా నిఘాకు అభ్యంతరం లేదంది, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది.

రాజమహేంద్రవరంలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు దీంతో విభేదించారు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. సుబ్బారావు అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, పోలీసు చూపు వెంటాడుతుంటే ఆ మనిషి నడకను స్వేచ్ఛగా నడవడం అని ఎలా అంటాం? అలాంటివాడికి దేశమంతా జైలే అన్నారాయన. ఎవరిని కలవాలన్నా, ఎవరితో మాట్లాడాలన్నా లోపల ఒక జంకు పుడుతుంది. ఆ జంకే స్వేచ్ఛకు మొదటి దెబ్బ అని ఆయన గుర్తించారు. కెమెరా లేని, కంప్యూటర్ లేని, ఇంటింటికీ ఫోన్ కూడా లేని కాలంలో రాసిన మాటలివి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, జస్టిస్ నారిమన్ సుబ్బారావు అభిప్రాయాన్ని మన న్యాయచరిత్రలోని మూడు గొప్ప భిన్నాభిప్రాయాల్లో ఒకటిగా లెక్కించారు. మధ్యలో గడిచింది 55 ఏళ్లు.

ఆ 55 ఏళ్లలో తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులు మరో రెండున్నాయి. ఈ చర్చలో వాటిని తలుచుకునేవారు తక్కువ. సినీనటి సరిత వివాహ వివాదం కడప కోర్టులో మొదలై హైకోర్టుకు వచ్చినప్పుడు, 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టం లేని భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం ఆమె గోప్యతకూ గౌరవానికీ భంగమని తీర్పిచ్చారు. తన శరీరం గురించి, తన కాపురం గురించి నిర్ణయం ఆమెదేనన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రెండోది స్టాంపు డ్యూటీ గొడవ. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, కలెక్టరు అనుమతించిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుల్లోకి వెళ్లి పత్రాలు తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చు అంది. హైకోర్టు కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టు హైకోర్టుతో ఏకీభవించింది. ఖాతాదారు కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన అది బజారున పడ్డట్టు కాదు, గోప్యత చోటును కాదు మనిషిని అంటిపెట్టుకుని ఉంటుంది అన్నది ఆ తీర్పు సారం. ఈ రెండో సూత్రమే ఈ రోజుల్లో అన్నిటికన్నా అక్కరకొస్తుంది. ఎందుకంటే మన కాగితాలన్నీ ఇప్పుడు ఎవరో ఒకరి దగ్గరే ఉన్నాయి. కరెంటు శాఖ దగ్గర, రవాణా శాఖ దగ్గర, ఆసుపత్రిలో, ఫోన్ కంపెనీలో, బియ్యం దుకాణంలోని యంత్రంలో.

ఇక కెమెరాల సంగతి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రతా చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గుమిగూడే అవకాశమున్న సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలి, దృశ్యాలు 30 రోజులు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. తర్వాత ‘నేను సైతం’ పేరుతో కాలనీలు, దుకాణదారులు చందాలేసుకుని కెమెరాలు పెట్టించే కార్యక్రమం నడిచింది. దేశంలో పోలీసు వ్యవస్థకు అనుసంధానమైన కెమెరాల్లో సగానికి పైగా తెలంగాణలోనే ఉన్నట్టు కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ గణాంకాలు ఒక దశలో చూపించాయి. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో, ఈ కెమెరాల దృశ్యాలను ఒకేచోట చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది.

కెమెరా వల్ల మేలు లేదనడం అబద్ధమవుతుంది. తప్పిపోయిన పిల్లాడు ఏ బస్సెక్కాడో కెమెరా చెప్పిన సందర్భాలున్నాయి, ఢీకొట్టి పారిపోయిన లారీ నంబరు చెప్పిన సందర్భాలున్నాయి. రాత్రి ఆలస్యంగా ఇంటికి చేరే అమ్మాయి, సందు చివర కెమెరా ఉందంటే కాస్త నిబ్బరంగా నడుస్తుంది. జనం సొంత డబ్బు వేసి మరీ పెట్టించుకున్నారంటే అవసరం ఉండబట్టే. అయితే కాలనీవాళ్లు చందా ఇచ్చింది తమ వీధిలో దొంగతనం జరిగితే వెనక్కి తిప్పి చూడటానికి. ఆ కెమెరా వెనక ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ చేరాక అది చేసే పని వేరు. ఫలానా మనిషి నిన్న ఎక్కడున్నాడు, ఎవరితో నడిచాడు, ఏ ఊరేగింపులో పాల్గొన్నాడు అని వెతికిపెట్టే యంత్రం అవుతుంది. పరికరం మారలేదు, దాని పని మారింది. ఆ మార్పును చందా ఇచ్చినవాళ్లకు ఎవరూ చెప్పలేదు, శాసనసభలో ప్రత్యేక చట్టమూ చేయలేదు.

తెలంగాణ పోలీసులు 2018లో టీఎస్‌కాప్ అనే తమ యాప్‌లో ముఖ గుర్తింపు వ్యవస్థను చేర్చారు. కానిస్టేబుల్ ఫోన్‌లోనే ఫొటో తీసి, నేరస్తుల ఫొటోల గుట్టలో పోల్చి చూడొచ్చు. 2020 జనవరిలో మున్సిపల్ ఎన్నికలప్పుడు కొంపల్లిలోని పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల మీద కూడా ఈ పద్ధతిని ప్రయోగాత్మకంగా వాడారు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ సమయంలో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఎందుకని అడిగి, ఆయన తీయనన్నారు. అయినా ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాచారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని ఆయన నోటీసు పంపారు. జవాబు రాలేదు. 2022లో ఆయన పిటిషన్‌పై తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖ గుర్తింపు చట్టబద్ధతను భారత కోర్టులో నేరుగా నిలదీసిన తొలి కేసుల్లో ఇదొకటి. ఆయన అడిగినవి రహస్యాలు కావు. అప్పుపత్రం రాసుకున్నప్పుడు ఎవరైనా అడిగే మామూలు ప్రశ్నలు: ఎందుకు, ఎంతకాలం, ఎవరి దగ్గర.

యంత్రం ముఖాన్ని పోల్చేటప్పుడు అవును, కాదు అని తేల్చి చెప్పదు. ఇంత శాతం పోలిక ఉంది అని మాత్రమే చెబుతుంది. ఎంత శాతం దాటితే అదే మనిషి అనుకోవాలో మనుషులే నిర్ణయిస్తారు. ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలికను సరిపోయినట్టుగా లెక్కిస్తున్నారని ఒక సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబులో బయటపడింది. ఒక చిన్న లెక్క వేసి చూడొచ్చు. ఒక కూడలిలో రోజుకు లక్షమంది నడుస్తారనుకుందాం. వారిలో పోలీసులు వెతుకుతున్నవారు పదిమంది. యంత్రం ఆ పదిమందినీ పట్టేసింది, అమాయకుల విషయంలో వెయ్యికి ఒక్కసారే పొరపడింది. చాలా మంచి యంత్రమే. అయినా వెయ్యికి ఒకరి చొప్పున లక్షలో వందమంది అమాయకులు గంట మోగిస్తారు. అంటే మోగిన 110 గంటల్లో వంద తప్పుడువి. 99.9 శాతం కచ్చితత్వం అని ప్రకటనలో రాసిన సంఖ్య వెనక ఉండే నిజం ఇది. పైగా ఆసియా, ఆఫ్రికా ముఖాల విషయంలో చాలా సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా పొరపడుతున్నాయని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2019లో పరీక్షించి చెప్పింది. ఆ వందమందిలో ఎవరు ఎక్కువగా ఉంటారన్నది కెమెరాలు ఏ బస్తీలో దట్టంగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కాలాపత్తర్, కిషన్‌బాగ్‌లలో సగానికి పైగా ప్రాంతం కెమెరాల చూపులోనే ఉందని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2021లో లెక్కగట్టింది. కార్డన్ సెర్చ్ పేరుతో తెల్లవారుజామున ఏ వాడల్లో తలుపులు కొడతారో, ఏ వాడల్లో కొట్టరో నగరవాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అయినా కెమెరా కనబడుతుంది. తలెత్తితే స్తంభం మీద ఉంటుంది. కనబడనిదే అసలు బరువైనది, దాని మీదే ఎక్కువ మాట్లాడుకోవాలి.

2014 ఆగస్టు 19న తెలంగాణ మొత్తం ఒకరోజు ఆగిపోయింది. బస్సులు నడవలేదు, బడులు, కార్యాలయాలు మూతపడ్డాయి. సమగ్ర కుటుంబ సర్వే. ముంబయి నుంచి, సూరత్ నుంచి వలసకూలీలు పిల్లాపాపలతో రైళ్లు పట్టుకుని ఊళ్లకు చేరారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ పోతుంది, పింఛను పోతుంది అన్న భయంతో. ఎంతమంది, ఏ కులం, బండుందా, బ్యాంకు ఖాతా ఏది, ఇంట్లో ఎవరికైనా జబ్బుందా అన్నీ చెప్పారు. చెప్పినవి సంక్షేమం కోసం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

తర్వాతి కాలంలో ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను తయారుచేసింది. దాదాపు 30 రకాల ప్రభుత్వ సమాచారాలను, అంటే వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, భూమి, కరెంటు కనెక్షన్ లాంటివన్నీ ఒకచోటికి తెచ్చి, ఏ వివరం ఏ మనిషిదో యంత్రం జత చేస్తుంది. రేషన్ కార్డు కోసం దరఖాస్తు పెడితే, ఆ ఇంటి పేరున కారుందా, ఎక్కువ భూమి ఉందా అని ఇది చూసి చెబుతుంది. అనర్హులు తేలిపోతారు, నిజమైన పేదలకే బియ్యం అందుతుంది. ఉద్దేశం వింటే తప్పు పట్టేందుకేమీ కనిపించదు.

ఇబ్బందంతా జత చేయడంలో ఉంది. తెలుగువాళ్ల పేర్లు ఒక కాగితంలో ఉన్నట్టు ఇంకో కాగితంలో ఉండవు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. లక్ష్మిని ఇంగ్లిషులో మూడు రకాలుగా రాస్తారు, మహమ్మద్‌ను అంతకన్నా ఎక్కువ రకాలుగా. ఒక మండలంలో ఎంతమంది శ్రీనివాసులు, ఎంతమంది యాదమ్మలు ఉంటారో లెక్కలేదు. వీటన్నిటినీ ఊహతో కలపాల్సిందే, ఆ ఊహకు సాంకేతిక పేరు ఏదైనా సరే. హైదరాబాద్‌లో ఒక వృద్ధురాలి కథ కొన్నేళ్ల కిందట పత్రికల్లోకెక్కింది. భర్త రిక్షా తొక్కి బతికాడు. కార్డు పోయింది. ఎందుకంటే ఆ ఇంటికి కారుందని యంత్రం చెప్పింది. ఆమె భర్త పేరును పోలిన పేరుగల మరొకరి కారు అది. రిక్షా తొక్కిన మనిషి కాగితాల్లో కారు యజమాని అయ్యాడు. ఆమె తిరగని ఆఫీసు లేదు. కారు లేదని రుజువు చేయడమెలా? ఉన్నదాన్ని చూపించొచ్చు, లేనిదాన్ని ఏం పెట్టి చూపిస్తారు?

తెలంగాణలో అలా దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు ఇవ్వలేదు, ఇంటికొచ్చి చూడలేదు. ఇదే మసూద్ వేసిన మరో కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దు చేసిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పరిశీలిస్తే వేలాది మంది నిజంగా అర్హులేనని తేలింది. అప్పటికి కొన్నేళ్ల బియ్యం పోయింది. కడుపు మాడిన రోజులకు తిరిగి పరిశీలన ఉండదు.

ఇక్కడ జరిగింది గోప్యతా భంగమని చాలామందికి తోచదు, బియ్యం సమస్య అనుకుంటారు. కానీ ఆలోచిస్తే గుట్టు పోవడమంటే ఇదే. తన గురించి తనకు తెలియని ఒక లెక్క ఎక్కడో తయారైంది. ఆ లెక్కలో ఏముందో చూసే వీలు ఆమెకు లేదు, దిద్దుకునే వీలు లేదు, ఎవరు రాశారో తెలియదు. ఆ లెక్క ఆమె కంచం దాకా వచ్చింది. పాతకాలంలో ఊరి కరణం తప్పు రాస్తే కరణం ఇంటి ముందు కూర్చుని అడిగేవారు, కనీసం తిట్టేవారు. ఇప్పుడు మండలాఫీసులో కుర్చీలో ఉన్న గుమస్తా కూడా, సిస్టం ఒప్పుకోవట్లేదమ్మా అంటాడు. అతను చెప్పేది నిజమే. అతనికీ తెలియదు.

ఇలా ఒకచోట చేర్చిన సమాచారం జారిపోతే జరిగేది వేరే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం వివరాలు ఎవరైనా చూడగలిగేలా బయట ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి గుర్తించి చెప్పారు. దొంగతనం కాదది, తలుపు వేయలేదంతే. ఇల్లు కట్టుకోవడానికి దరఖాస్తు పెట్టినందుకు కులం మతం వారీగా వెతికి చూసుకునే జాబితాలో పేరెక్కింది.

ఫోన్లు వినడం గురించి తక్కువ మాటల్లోనే చెప్పుకోవచ్చు, ఎందుకంటే అందులో బయటపడేదే తక్కువ. 1996లో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. దాని ప్రకారం హోం శాఖ కార్యదర్శి స్థాయి అధికారి ఆదేశం ఇవ్వాలి, ఒక సమీక్షా సంఘం రెండు నెలలకోసారి కూర్చుని ఆ ఆదేశాలను చూడాలి. న్యాయమూర్తి ఎక్కడా ఉండరు. కేంద్రం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఆదేశాలిస్తోందని ఒక సమాచార హక్కు జవాబు చెప్పింది. అంటే ఆ సంఘం ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆదేశాలు సమీక్షించాలి. అది జరిగే పని కాదని, సమాచార రక్షణ చట్టం కోసం కేంద్రం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీయే 2018 నివేదికలో రాసింది. 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి, కానీ అధికారులే ఆదేశించి అధికారులే సమీక్షించే పద్ధతి అలాగే ఉంది. తెలంగాణలో 2024 మార్చిలో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసులో దర్యాప్తు అధికారుల ఆరోపణ ఏమిటంటే, మావోయిస్టుల మీద నిఘా కోసం ఉన్న విభాగంలో రాజకీయ నాయకులు, ఇతరుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారిన వెంటనే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని. నిందితులు కాదంటున్నారు, తేల్చాల్సింది కోర్టు. కేసు ఎలా ముగిసినా ఒకటి గమనించాలి. ప్రభుత్వం మారకపోతే, విన్నవాళ్ల మీద కేసు పెట్టడానికి వినబడినవాళ్లకు దారి లేదు. ఎవరి ఫోన్ విన్నారో వాళ్లకు ఎప్పటికీ చెప్పనక్కర్లేదన్నది మన పద్ధతి. తెలియని గాయానికి ఫిర్యాదు ఎక్కడిస్తారు?

సర్కారు ఒక్కటే కాదు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు వరుసగా ప్రాణాలు పోయాయి. ఆ యాప్‌లు అడిగిన తాకట్టు బంగారమూ కాదు, పొలం కాగితమూ కాదు. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు. వారం గడువుతో ఐదారు వేలు ఇస్తామని, అందులో ముందే కొంత కోసుకుని ఇచ్చి, ఒక్కరోజు దాటితే మేనమామకు, మేనేజరుకు, అత్తగారికి వాట్సాప్‌లో మెసేజీలు పెట్టారు. ఫొటో మీద దొంగ అని రాసి గ్రూపులు కట్టారు. అప్పు వసూలుకు పరువునే ఆయుధం చేసుకున్నారు. కోర్టు తీర్పులన్నీ కలిసి చెప్పలేనంత స్పష్టంగా గుట్టు విలువేమిటో ఆ చావులు చెప్పాయి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదని నిబంధన పెట్టింది. రెండేళ్ల తర్వాత. ఆ నిబంధన రాయడానికి కావలసిన తెలివి 2019లోనూ ఉంది. కాంటాక్టులు చూడటానికి అనుమతించండి అని ఫోన్ అడిగినప్పుడు నొక్కితే తప్ప ముందుకు పోనివ్వని అనుమతిని సమ్మతి అనుకోవడమే అప్పటిదాకా చట్టానికి తెలిసిన పద్ధతి.

పుట్టస్వామి తీర్పు పెట్టిన కొలబద్ద మంచిది. గోప్యతలో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి తగినంతే జోక్యం ఉండాలి. ఈ కొలబద్దతో చూస్తే రోడ్డు మీద వాట్సాప్ వెతకడం మొదటి మెట్టులోనే ఆగిపోతుంది, కానిస్టేబుల్ ఫోన్‌లోని ముఖ గుర్తింపూ అక్కడే తడబడుతుంది. తీర్పు వచ్చిన ఆరేళ్లకు, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. కంపెనీ నిర్లక్ష్యంగా సమాచారం పోగొడితే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. అది మంచిదే. కానీ దేశభద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలు చూపి ఏ ప్రభుత్వ సంస్థనైనా ఈ చట్టం నుంచి పూర్తిగా మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. ఫిర్యాదులు వినే బోర్డు సభ్యులను నియమించేదీ కేంద్రమే. అందరికన్నా ఎక్కువ సమాచారం ఎవరి దగ్గరుందో వారికే తప్పుకునే తలుపు పెట్టారు.

ఇదే చట్టం చివర్లో, 44వ సెక్షన్‌లో, సమాచార హక్కు చట్టాన్ని సవరించే చిన్న వాక్యం ఉంది. ఇంతకు ముందు వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదు అనడానికి షరతులుండేవి. అది ప్రజా కార్యకలాపాలకు సంబంధం లేనిదైతేనే, విస్తృత ప్రజాప్రయోజనం లేకపోతేనే నిరాకరించాలి. పార్లమెంటుకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికీ కాదనకూడదు అన్న వాక్యం కూడా ఉండేది. అవన్నీ తీసేసి, వ్యక్తిగత సమాచారమైతే చాలు నిరాకరించవచ్చు అని కుదించారు. నిబంధనలతో పాటే ఇదీ అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చన్న మరో సెక్షన్ అలాగే ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. ఉంది. అయితే ఇవ్వొచ్చు అన్న మాటను ఏ సమాచార అధికారి ఎలా చదువుతాడో, మండలాఫీసు గడప తొక్కినవారెవరికైనా తెలుసు.

దీని బరువు అనంతపురం జిల్లాలో బాగా అర్థమవుతుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఆ జిల్లాలోని బండ్లపల్లిలోనే. అదే ఏడాది అదే జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. తర్వాత 2009లో దానికోసం ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసి ఉమ్మడి రాష్ట్రం దేశానికి దారి చూపింది. పద్ధతి చాలా సాదాగా ఉండేది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో రాసిన మస్టరు రోళ్లు తీసుకుని ఊళ్లోకి వెళ్తారు. ఇంటింటికీ తిరిగి అడుగుతారు. తర్వాత గ్రామసభలో, రచ్చబండ దగ్గర, ఫీల్డ్ అసిస్టెంట్ ముందే, పేర్లు గట్టిగా చదువుతారు. ఫలానా పేరు, ఇన్ని రోజుల పని, ఇంత కూలి. జనంలోంచి ఎవరో లేచి, ఆమె చనిపోయి రెండేళ్లయింది సారూ అంటారు. ఇంకొకరు, ఆ చెరువు పనికి నేను పోనేలేదు, ఆ డబ్బు నాకు రాలేదు అంటారు. చనిపోయినవారి పేర్లు, ఊళ్లో లేనివారి పేర్లు, ఎన్నడూ పార పట్టని పెద్దల పేర్లు అలాగే బయటపడ్డాయి. కోట్ల రూపాయల గోల్‌మాల్ తేలింది.

ఆ మస్టరులో ఉన్నదంతా వ్యక్తిగత సమాచారమే. పేరు, ఊరు, పనిదినాలు, ఖాతాలో పడ్డ కూలి. కార్డు పోయిన ఆ వృద్ధురాలు తన ఇంటి లెక్కలో కారు ఎలా చేరిందో అడిగితే, ఆ కారు ఎవరిదన్నదీ వ్యక్తిగత సమాచారమే. గోప్యత హక్కు ఆమె కోసం పుట్టిన మాట. కొత్త సవరణ తర్వాత ఆమెకు జవాబు ఇవ్వనక్కర్లేదనడానికి ఆఫీసు చూపించగల కారణమూ అదే మాట.